పూలతొట్టి అని రాసిన కూజా

ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో నేను సంతకం చేసి ముద్ర వేసిన భూమి పటాలు, నివేదికలు కొన్ని వందలు ఉంటాయి. వాటిలో ఒక్కదాన్ని మాత్రమే నా అంతట నేను వెనక్కి తీసుకున్నాను. ఈ వృత్తిలో కొత్తగా చేరిన మీలాంటివారు అనుభవాలు చెప్పమని అడిగినప్పుడు, సరిగ్గా జరిగిన వందల పనుల గురించి చెప్పడానికి నాకు పెద్దగా ఏమీ తోచదు. ఆ ఒక్కదాని గురించి మాత్రం గంటసేపు చెప్పగలను. ఎవరి పేర్లూ రాయడం లేదు. వారిలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవారిని అనుమతి అడగలేదు.

నేను టెక్సాస్‌లో లైసెన్సు పొందిన భూమి సర్వేయర్‌ని. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ మళ్ళీ చదివి, పరీక్షలు రాసి ఆ లైసెన్సు సంపాదించుకున్నాను. సర్వేయర్ చేసే పనిని ఒక్క వాక్యంలో చెప్పాలంటే: నేల మీద ఉన్నదానినీ కాగితం మీద ఉన్నదానినీ పక్కపక్కన పెట్టి, రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో నిర్ణయించడం.

మేముండే ఫ్రిస్కో చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్నవారు ఒకసారి దస్తావేజు తీసి చూడండి. మీ పేరుకన్నా ముందు, లాట్ నంబరు దగ్గర్లోనే, మీరెన్నడూ వినని ఒక వ్యక్తి పేరు మీద ‘ఫలానావారి సర్వే’ అని ఉంటుంది. అతడు ఈ నేలను తొలిసారి పట్టాగా పొందినవాడు. నాటి ప్రభుత్వాలు పడమటికి జనాన్ని రప్పించడానికి, వచ్చిన కుటుంబానికి ఇంత అని భూమి రాసిచ్చాయి. జార్జియా, అలబామాలలో పత్తి పండించి నేలను పీల్చేసినవారు కొత్త నేల కోసం ఇటు వచ్చారు. వస్తూ తాము కొనుక్కున్న మనుషులను వెంట తీసుకువచ్చారు. యజమాని బండి మీద వస్తే వాళ్ళు వందల మైళ్ళు నడిచి వచ్చారు. ఇక్కడి నేల మన నల్లరేగడికి తోబుట్టువు. పత్తికి అంతకన్నా మంచిది లేదు. అప్పటి సర్వేయర్లు ఆ భూములను ‘వారా’ అనే స్పానిష్ కొలతతో, ఇనుప గొలుసుతో కొలిచి చతురస్రాలుగా కోశారు. ఈనాడు మీరు కారులో పోతున్నప్పుడు ఏ కారణమూ కనిపించకుండా ఒక పాత రోడ్డు లంబకోణంలో మలుపు తిరిగితే, అది ఆ చతురస్రం మూల.

ఇదంతా నాకు ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం నుంచే తెలుసు. యాజమాన్యపు గొలుసులో మొదటి కొక్కెంగా తెలుసు. అంతకు మించి ఆలోచించవలసిన అవసరం వృత్తిలో కలగలేదు.

సుమారు పన్నెండేళ్ళ క్రితం మా సంస్థకు ఒక కౌంటీ రోడ్డును రెండు వరుసల నుంచి ఆరు వరుసలకు వెడల్పు చేసే పనిలో సర్వే భాగం దక్కింది. తూర్పు పడమరలుగా పోయే ఆ రోడ్డు, అలాంటి ఒక పాత పట్టా భూమికి ఉత్తరపు హద్దు గీత. రోడ్డు వెడల్పయితే వాననీరు ఎక్కువ పారుతుంది కాబట్టి, దాన్ని కాసేపు నిలిపి వదలడానికి రోడ్డు పక్కన ఒక చెరువు తవ్వాలి. దానికి ఎంచుకున్న ఎకరన్నర స్థలాన్ని కౌంటీ అప్పటికే ఒక పశువుల మేతభూమి యజమాని దగ్గర కొనేసింది. ఆ స్థలం మీద ఏమేమి ఉన్నాయో చూసి రాయడం నా వంతు.

నాతో వచ్చినవాడు మా క్షేత్రబృందం నాయకుడు. మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన తెల్ల టెక్సన్. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు చొక్కా జేబులోనే వేసుకునేవాడు. సర్వే చేసే స్థలంలో ఏదీ పారేయకూడదని అతని నియమం. కొలతలో నేను మూడో దశాంశం అడిగినప్పుడల్లా నన్ను ‘ప్రొఫెసర్’ అనేవాడు. ఇక్కడివాళ్ళ మాటలన్నీ ఇంగ్లిష్‌లో నడిచినవే. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో పెడుతున్నాను.

ఆ స్థలంలో ఒక పాత సీడర్ చెట్టు ఉంది. దాని చుట్టూ నేలంతా మన బిళ్ళగన్నేరును పోలిన నీలిపూల తీగ దట్టంగా పాకి ఉంది. నేల చదునుగా ఉంది. రాళ్ళు, స్తంభాలు, కంచె ఆనవాళ్ళు ఏమీ లేవు. తీగను పక్కకు తీస్తే పగిలిన పింగాణీ పళ్ళేలు, కప్పులు, రెండు గవ్వలు, ఒక లాంతరు గాజు కనిపించాయి. ఒక మట్టి కూజా మాత్రం పెద్దగా పగలకుండా బోర్లా పడి ఉంది. దాని అడుగున గుండ్రటి రంధ్రం. వ్యాసం కొలిచాను: ముప్పావు అంగుళం. ఫోటో తీశాను. మరో రెండు కప్పులకు కూడా అడుగున అలాంటి రంధ్రాలే ఉన్నాయి. అవీ కొలిచాను.

“ఏమని రాస్తావు, ప్రొఫెసర్?” అన్నాడు అతను.

“పాత ఇల్లు ఉండేది. ఇది పెరడు. ఇవి పూలతొట్లు, నీళ్ళు పోవడానికి అడుగున రంధ్రం చేసుకున్నారు.”

అతను కాసేపు చుట్టూ తిరిగి వచ్చాడు. “ఇల్లుంటే పొయ్యిగొట్టం రాళ్ళుండాలి. బావి ఉండాలి. మా తాత పాడుపెట్టిన ఇంటి దగ్గర ఈనాటికీ బావి ఉంది. ఇక్కడ రెండూ లేవు.”

“రాళ్ళు ఎవరైనా పట్టుకుపోయి ఉంటారు.”

“బావిని కూడానా?”

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. తర్వాతి స్థలానికి బయలుదేరాం. నివేదికలో నేను రాసిన మాటలు నాకు ఇప్పటికీ అక్షరాలా గుర్తు: ‘పాత నివాసపు పెరటి అవశేషాలు, అలంకార తీగ, గృహోపకరణాల చెత్త, అడుగున ముప్పావు అంగుళం రంధ్రం గల పూలతొట్లు, మూడు. సమాధులు ఉన్నట్టు రికార్డులలోగాని, నేల మీదగాని ఆధారం లేదు.’ సంతకం చేశాను. ముద్ర వేశాను.

మూడు నెలల తర్వాత, ఆ ఊరి బడి భోజనశాలలో ప్రజల అభిప్రాయం వినే సభ జరిగింది. గోడల వెంట పటాలు నిలబెట్టి, ఒక్కొక్క పటం పక్కన మాలో ఒకరం నిల్చున్నాం. నా పక్కన మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. వరంగల్ నుంచి చదువుకు వచ్చి, హెచ్-వన్ వీసా మీద మా దగ్గర పటాలు గీసే పనిలో కుదిరింది. ఆఫీసులో అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు, నువ్వూ అలాగే పిలువమని ఎన్నోసార్లు చెప్పాను. “పేరు నోటికి రాదు సర్. అంకుల్ అందామంటే హెచ్ఆర్ వాళ్ళు ఊకోరు” అనేది.

జనం ఎక్కువగా రోడ్డు శబ్దం గురించి, తమ వాకిళ్ళ గురించి అడిగి వెళ్ళిపోతున్నారు. అంతలో ఎనభై దాటిన ఒక నల్లజాతి వృద్ధురాలు చేతికర్రతో నెమ్మదిగా మా పటం ముందుకు వచ్చింది. చాలాసేపు చూసింది. చెరువు గుర్తు మీద వేలు పెట్టింది.

“ఇది ఏమిటి, బేబీ?”

అరవైకి దగ్గరపడుతున్న నన్ను బేబీ అన్నవారు అంతకుముందు లేరు. వాననీటి చెరువని వివరించాను. ఎంత లోతని అడిగింది. తొమ్మిది అడుగులన్నాను.

“ఇక్కడ ఏమున్నదో ఎవరు రాశారు?”

“నేనే, మేడమ్.”

బల్ల మీదున్న నివేదికలో ఆ పేజీ చదివి పెట్టమంది. చదివాను. ఆమె చెవి కాస్త ముందుకు పెట్టి, ఒక్కో మాటా విన్నది. పూలతొట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమంది.

“ముప్పావు అంగుళమా?”

“అవును.”

“నీ కొలత బానే ఉంది. బోల్టుతో కొట్టారు, నేను చూస్తుండగానే. అది మా అమ్మమ్మ కూజా.” ఆమె గొంతులో కోపం లేదు. బడి పిల్లవాడికి లెక్క చెబుతున్నట్టుగా చెప్పింది. “పోయినవాళ్ళు చివరిగా వాడిన కప్పో, కూజానో వాళ్ళ మీద పెట్టి వస్తాం. అడుగున బొక్క కొట్టి పెడతాం. అక్కడితో వరుస తెగాలని. లేకపోతే ఇంట్లో ఇంకొకళ్ళు వెనకాలే వెళ్తారని పెద్దవాళ్ళ మాట.”

ఆమె మిగిలింది చెప్పింది. అది తన తల్లి వైపు వాళ్ళందరి శ్మశానం. పత్తి దొర వాళ్ళను జార్జియా నుంచి నడిపించుకు వచ్చిన నాటి నుంచి, అందరికీ విముక్తి వచ్చాక కూడా, ఆమె అమ్మమ్మ దాకా అక్కడే పెట్టారు. ఏటా ఒక రోజు అందరూ కలిసి కలుపు తీసి, అక్కడే భోజనాలు చేసేవారు. నలభై ఏళ్ళ కిందట కొత్త యజమాని గేటుకు తాళం వేశాడు. అడిగారు, తీయలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఊరు విడిచిపోయారు.

“మీ దగ్గర ఏదైనా కాగితం ఉందా, మేడమ్?” అన్నాను. వృత్తి నా చేత అడిగించిన మాట అది.

“బేబీ, నేను ఈ గదిలో ఇరవై రెండేళ్ళు వంట చేశాను. ఈ ఊళ్ళో సగం మంది నా చేతి బిస్కెట్లు తిని పెరిగారు. దానికీ నా దగ్గర కాగితం లేదు.”

పక్కన వరుసలో నిల్చున్న ఒక తెల్లాయన, “అది నిజం, నేను తిన్నాను” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. “ఎప్పుడు తవ్వుతారు?” అని అడిగింది.

“ఆరు వారాల్లో.”

“అయితే నీకు ఆరు వారాలున్నాయి” అని, కర్ర మీద ఆనుకుని వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో డ్రైవ్ చేస్తున్నది నేను. పక్క సీట్లో ఆ వరంగల్ అమ్మాయి. హైవే ఎక్కాక మెల్లగా అన్నది: “సర్, మీరు ఏమనుకోకపోతే ఒకటి చెప్త.”

“చెప్పు.”

“మనోళ్ళు గూడ కుండకు బొక్కలు పెట్టి, చుట్టూ తిరిగి, ఎనక్కి చూడకుండ పగలగొట్టి వస్తరు గద సర్.”

ఆమెకు తెలియనిది ఒకటుంది: నేను స్వయంగా ఒకసారి ఆ కుండను భుజాన మోసినవాణ్ణి. మూడు ప్రదక్షిణలు, ఒక్కో ప్రదక్షిణకు ఒక్కో రంధ్రం. నీళ్ళు ధారగా వీపు మీదుగా కారడం నాకు చర్మం మీద తెలుసు. క్షేత్రబృందం నాయకుడికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా బావి ఎక్కడని అడిగి అనుమానించినవాడు అతనే. మా ఇద్దరిలో, ఆ రంధ్రాన్ని చూసిన వెంటనే ఆగవలసినవాణ్ణి నేను. నేను దాని వ్యాసం కొలిచాను.

మరుసటి వారమంతా కౌంటీ రికార్డుల గదిలో గడిపాను. తొలి పట్టా నుంచి వరుసగా ప్రతి దస్తావేజూ చదివాను. ఎక్కడా ఆ శ్మశానం లేదు. ఉండే అవకాశమే లేదని ఆలస్యంగా గ్రహించాను. దస్తావేజులో మాట్లాడేది అమ్మేవాడు, కొనేవాడు. తామే కొనుగోలు వస్తువులైనవారు అందులో మాట్లాడలేరు. వాళ్ళు కనిపించిన ఒకే ఒక్క కాగితం పత్తి దొర మరణించాక రాసిన ఆస్తి జాబితా. కంచరగాడిదల తర్వాత, నాగళ్ళకు ముందు, ఇంటిపేర్లు లేని పేర్లు. ‘రికార్డులలో ఆధారం లేదు’ అని నేను రాసిన వాక్యం అక్షరసత్యమే. ఎవరి రికార్డులో చెప్పలేదు.

ఇక్కడ యువ ఇంజనీర్లకు ఒక సాంకేతిక విషయం. నేల చదునుగా ఉంది కాబట్టి సమాధులు లేవనుకోవడం నా మరో పొరపాటు. మామూలు నేలలో సమాధి మీద కాలక్రమాన మట్టి కుంగి పల్లం పడుతుంది. నల్లరేగడి అలా కాదు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, పైమట్టి బీటల్లోకి జారి, మళ్ళీ ఉబ్బి, తన్ను తాను దున్నుకుంటుంది. నూరేళ్ళలో ఏ పల్లాన్నైనా మూసేస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు. ఫ్రిస్కోలో మా ఇంటి పునాది పగుళ్ళ గురించి ఎందరికో ఇదే వివరించాను.

సోమవారం ఉదయం ప్రాజెక్ట్ మేనేజర్ గదికి వెళ్ళాను. చెడ్డవాడేమీ కాదు, తన గడువులు తనకున్న మనిషి.

“రికార్డులో ఏమైనా దొరికిందా?”

“లేదు.”

“మరి నీ నివేదిక తప్పు కాదు కదా.”

“తప్పే.”

“చూడు, ఆమె మంచావిడే, కాదనను. కానీ ఎనభై ఏళ్ళ జ్ఞాపకం మీద పని ఆపితే, రేపు ఇంకొకరు ఇంకొకటి జ్ఞాపకం చేసుకుంటారు. నీ ముద్ర ఉన్న కాగితం నా దగ్గరుంది. అది ఉన్నంతవరకు నేను తవ్వకం ఆపలేను.”

ఆయన బెదిరించలేదు. ఉన్న స్థితి చెప్పాడు. ఆ కాగితం ఉన్నంతవరకే కదా అనుకుని నా బల్ల దగ్గరికి వచ్చి ఉత్తరం రాశాను. స్థలాన్ని నేను పొరబడి వర్ణించానని, అక్కడ సమాధులున్నాయని నమ్మడానికి తగిన కారణం ఉందని, నా నివేదికను వెనక్కి తీసుకుంటున్నానని. మూడు వాక్యాలు. పంపబోయే ముందు క్షేత్రబృందం నాయకుడికి చూపించాను, బావి విషయంలో అతని అనుమానాన్ని నేను పట్టించుకోలేదని నాలుగో వాక్యంగా చేర్చినందువల్ల. అతను రెండుసార్లు చదివాడు.

“నా పేరు తీసెయ్. నేనూ నవ్వాను కదా ఆ రోజు” అన్నాడు. తీసేశాను. అతనికి నేను పడ్డ రుణాల్లో అదొకటి.

కౌంటీవారు ఒక్క రోజు అనుమతి ఇచ్చారు. ఒక పురావస్తు నిపుణురాలు, మట్టి తవ్వే ఒక బ్యాక్‌హో, రెండే కందకాలు, ఒక్కొక్కటి అరవై అడుగులు. ఆమె పర్యవేక్షణలో పైమట్టిని పలచగా, పళ్ళు లేని బకెట్‌తో గీకాలి. అడుగు మట్టి తేటగా కనిపించే చోట, ఎప్పుడో తవ్వి పూడ్చిన గుంట ఉంటే వేరే రంగు మచ్చగా బయటపడుతుంది. రెండు కందకాల్లోనూ ఏమీ కనిపించకపోతే చెరువు పని మొదలవుతుంది. కందకాలు ఎక్కడ పెట్టాలో గుర్తులు పాతింది నేను. రెండూ రోడ్డుకు సమాంతరంగా పెట్టాను. కొలతకు సులువు.

ఆ ఉదయం వృద్ధురాలు తన మేనకోడలి కారులో వచ్చింది. సీడర్ చెట్టు నీడలో మడత కుర్చీ వేయించుకుని, ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీతో కూర్చుంది. మేనేజరూ వచ్చాడు. మొదటి కందకం మూడు గంటలు పట్టింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నలుపు. ఏ మచ్చా లేదు. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడలేదు.

ఆమె కుర్చీలోంచి పిలిచింది. “బేబీ, ఇటు రా. మీరు దారి తవ్వారు.”

“దారా?”

“వరుసకూ వరుసకూ మధ్య నడిచే దారి. వాళ్ళు తూర్పుకు చూస్తూ పడుకుంటారు. ఆఖరి రోజున లేచేటప్పుడు ఎదురుగా సూర్యుడుండాలని. మీ రోడ్డూ అటే పోతుంది కదా. మీరు వాళ్ళ పక్కనుంచే వెళ్ళిపోయారు. అడ్డంగా వెళ్ళండి.”

ఫ్రిస్కోలో ఇల్లు కొనే ప్రతి తెలుగు కుటుంబం నాకు ఫోన్ చేసి ‘ఈస్ట్ ఫేసింగేనా అంకుల్, కరెక్ట్‌గా ఎన్ని డిగ్రీలు’ అని అడిగేది. వాళ్ళందరికీ దిక్సూచి పట్టి చెప్పిన నాకు, ఇక్కడ పడుకున్నవారు ఎటు చూస్తున్నారని అడగాలని తోచలేదు.

“ఎక్కడ, మేడమ్?”

ఆమె లేచి, సీడర్ మొదలుకు వీపు ఆనించి నిల్చుంది. అక్కడి నుంచి సూర్యుడు వచ్చే వైపు పదకొండు అడుగులు వేసింది. ఆగి, కర్రతో నేలను తాకింది. “మా అమ్మమ్మ ఇక్కడ. ఇటూ అటూ మిగతావాళ్ళు.”

మిగిలింది ఒక్క కందకం. కూజా, కప్పులు నలభై ఏళ్ళుగా పశువుల కాళ్ళకు తగిలి చోటు మారి ఉంటాయి, వాటిని నమ్మలేం. దాన్ని ఒక వృద్ధురాలి అడుగుల మీద పెట్టాలి. నేను చేసినది చెబితే నవ్వుతారు: ఆమెను మళ్ళీ నడవమన్నాను. నలభై ఏళ్ళ క్రితం అడుగులు ఇంకా పొడవుగా వేసేవారేమోనని అడిగాను. ఆమె ఓపికగా మూడుసార్లు నడిచింది. మూడుసార్లూ కర్ర తాకిన చోట్లు జానెడు తేడాలో ఉన్నాయి.

“చిన్నప్పుడూ ఇన్నే వేసేదాన్ని. చిన్నదాన్ని కాబట్టి గెంతేదాన్ని, ఇప్పుడు ముసలిదాన్ని కాబట్టి ఈడుస్తున్నాను” అన్నది. “నీ మిషన్ కంటే నయమా?”

“నయమే, మేడమ్” అన్నాడు క్షేత్రబృందం నాయకుడు, నేను నోరు తెరిచేలోపు. “దానికి బ్యాటరీ అయిపోతుంది.”

గుర్తులు పీకి, ఉత్తర దక్షిణాలుగా, ఆమె కర్ర తాకిన చోటు మీదుగా మళ్ళీ పాతాను. బ్యాక్‌హో నడిపే అతను బకెట్‌ను అంగుళాల చొప్పున లాగాడు. అడుగున్నర లోతులో నిపుణురాలు చెయ్యెత్తింది. కందకంలోకి దిగి, తాపీతో మెల్లగా గీకింది. నల్లమట్టిలో, లోపలి సున్నపు మట్టి తెల్లటి తునకలుగా కలిసిన ఒక పట్టీ, రెండు అడుగుల వెడల్పున, ఖచ్చితంగా తూర్పు పడమరలుగా. దానికి ఐదు అడుగుల అవతల ఇంకొకటి. ఆ పైన మరొకటి, చాలా చిన్నది.

బ్యాక్‌హో నడిపే అతను ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపి, టోపీ తీశాడు.

వృద్ధురాలు అంచు దాకా వచ్చి చూసింది. “చాలు. అక్కడే ఆగండి. లేపకండి” అంది. నిపుణురాలు తల ఊపి పైకి వచ్చేసింది. మేనేజర్ కాస్త దూరం నడిచి వెళ్ళి ఫోన్ చేశాడు. గాలికి మాటలు వినిపించాయి: “చెరువు అక్కడ కుదరదు. లేదు, అడగడం లేదు, చెబుతున్నాను.” ఆ ఒక్క వాక్యానికి నేను ఆయనకు ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆయన గడువులు ఆయనకింకా అలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అందరం సీడర్ కింద కూర్చుని ఆమె మేనకోడలు తెచ్చిన భోజనం తిన్నాం. నలభై ఏళ్ళ తర్వాత అక్కడ జరిగిన మొదటి భోజనమని ఆమె అన్నది. నా పటం మీద రోడ్డు మధ్యగీతను చూపి, “ఇది ఎవరు తీశారో తెలుసా?” అని అడిగింది. తొలి సర్వేయరు పేరు చెప్పాను; గొలుసు పట్టిన ఇద్దరి పేర్లు కూడా రికార్డులో ఉన్నాయన్నాను.

“పొదలు నరికి దారి తీసింది ఎవరు?”

రికార్డులో లేదన్నాను.

“మా అమ్మమ్మ తాత. గొడ్డలి పట్టుకుని వాళ్ళకు ముందు నడిచేవాడట. గీత తిన్నగా రాకపోతే దెబ్బలు. నువ్వు ఇన్నాళ్ళూ కొలుస్తున్నది ఆయన నరికిన గీతే.”

ఆ గీత ఎంత తిన్నగా ఉందో ఆ కౌంటీలో నాకంటే బాగా తెలిసినవారు లేరు. మైలు పొడవున అది నా ఆధునిక కొలతకు అడుగున్నర కూడా తప్పలేదు. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె మేనకోడలి వైపు తిరిగి “విన్నావా?” అంది.

తర్వాతి వారాల్లో నిపుణురాలు ఏ సమాధినీ కదపకుండా మొత్తం ముప్పై ఎనిమిది గుంటలు గుర్తించింది. చెరువు రోడ్డుకు అవతలి వైపు పోయింది. రోడ్డు అక్కడ ఉత్తరంగా కొద్దిగా వంగుతుంది. అరవై మైళ్ళ వేగంతో పోయేవారికి తెలియనంత కొద్దిగా. మిగిలినది ఆ స్థలాన్ని శ్మశానంగా రికార్డు చేసే పటం. అది నేను రుసుము లేకుండా చేస్తానన్నాను. గీసింది వరంగల్ అమ్మాయి, శనివారాలు ఆఫీసుకు వచ్చి.

పటం ముసాయిదా పట్టుకుని ఇద్దరం వృద్ధురాలి ఇంటికి వెళ్ళాం. ఆమె, మేనకోడలు, మరో ఇద్దరు బంధువులు కలిసి, ఎవరు ఎక్కడ పడుకున్నారో పదకొండు పేర్లు చెప్పగలిగారు. మిగిలిన పెద్ద గుంటల్లో ఉన్నది ఆడమనిషో మగమనిషో మాత్రం వారికి గుర్తుంది. మిగిలిన ఇరవై ఏడింటి దగ్గర, వృత్తిలో అలవాటైన మాట రాశాం: ‘పేరు తెలియదు’.

ఆమె భూతద్దంతో ఒక్కొక్కటీ చూసింది. “ఇలా రాయకు.”

“మరి పేర్లు లేవు కదా, మేడమ్.”

“పేర్లున్నాయి. ప్రతి ఒక్కరికీ ఉంది. వాళ్ళ అమ్మలు పెట్టారు. మా అమ్మమ్మకు అన్నీ వచ్చు, వరుసగా చెప్పేది, నేను ఆడుకుంటూ సరిగ్గా వినలేదు. పేరు తెలియదంటే ఎవరికీ తెలియదని కదా? అది నిజం కాదు. తెలియనిది ఎవరికో అది రాయి.”

నా పక్కన ఆ అమ్మాయి పెన్సిల్ పట్టుకుని నా వంక చూసింది. ఖచ్చితత్వం గురించి ఏళ్ళ తరబడి ఇతరులకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆమె వాక్యంలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. “రాసుకో” అన్నాను.

కొత్త వాక్యం పొడుగైనందువల్ల పటం ఒక్క కాగితంలో పట్టలేదు. ఆ అమ్మాయి రెండో కాగితం చేర్చింది. రికార్డు కోసం పంపిన నాలుగో రోజున కౌంటీ పరిశీలకుడు ఫోన్ చేశాడు. హద్దులు, కొలతలు అన్నీ సరిపోయాయన్నాడు. ఒక్కటే సందేహమన్నాడు.

“ఒకే మాట ఇరవై ఏడు చోట్ల ఉంది. అంచులో ఒక్కసారి గమనికగా రాస్తే సరిపోదా?”

“సరిపోదు.”

“మామూలుగా ఎవరూ ఇలా రాయరు.”

“తెలుసు. తప్పేమైనా ఉందా?”

అవతల కాగితం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. “తప్పేమీ లేదు” అన్నాడు చివరికి, ముద్ర వేశాడు.

ఆ పటం కౌంటీ రికార్డులలో ఉంది. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. పదకొండు సమాధుల దగ్గర పదకొండు పేర్లుంటాయి. మిగిలిన ఇరవై ఏడింటి దగ్గర, ఒక్కొక్క దాని పక్కన, నా లైసెన్సు పూచీ మీద ఇలా ఉంటుంది: ‘ఈమె పేరు ఈ సర్వేయరుకు తెలియదు.’ ‘ఇతని పేరు ఈ సర్వేయరుకు తెలియదు.’ స్త్రీయో పురుషుడో కూడా తెలియని చిన్న గుంటల దగ్గర: ‘ఈ బిడ్డ పేరు ఈ సర్వేయరుకు తెలియదు.’